కల్వకుర్తి లిఫ్ట్ ఏ నిఘంటువులో ఉంది?

యాసంగి కోతలు అయిపోయాక కల్వకుర్తి చుట్టుపక్కల ఏ కొనుగోలు కేంద్రానికి వెళ్లినా ఒకే ఫిర్యాదు వినబడుతుంది: "లిఫ్టింగ్ అయితలేదు." కాంటా అయింది, బస్తాలు కుట్టారు, మొగులు పట్టింది, లారీ మాత్రం రాలేదు. వడ్లు కేంద్రం నుంచి మిల్లుకు కదలడాన్ని సర్కారు కాగితాలు లిఫ్టింగ్ అంటాయి. ఆ మాటను రైతు కాగితం మీది నుంచి తీసుకుని తన కోపానికి వాడుకున్నాడు. అదే రైతు సెంటర్ ఇన్‌చార్జికి ఫోన్ కొడితే "లిఫ్ట్ చేస్తలేడు". ఇంటికి పోవడానికి బస్సు లేకపోతే బండి ఆపి "అన్నా, జెర కొట్ర దాకా లిఫ్టియ్యవా" అంటాడు. వానకాలం నాట్ల మాట ఎత్తితే "లిఫ్ట్ నీళ్లొస్తె చూడాలె" అంటాడు. ఒక్క పూటలో నాలుగు లిఫ్ట్‌లు. ఒక్కటీ పై అంతస్తుకు పోయేది కాదు.

ఇంగ్లిష్‌లో ఎక్కువ అర్థాలున్న మాట ఏదంటే పండితులు 'సెట్' అనో 'రన్' అనో పోటీ పెడతారు. ఆ పోటీ సంగతి వాళ్లకు వదిలేద్దాం. పాలమూరులో ఎక్కువ పని చేసే ఇంగ్లిష్ మాట మాత్రం లిఫ్టే.

హైదరాబాద్‌లో లిఫ్ట్ అంటే అపార్టుమెంటులోని పెట్టె. కల్వకుర్తిలో లిఫ్ట్ అంటే ముందుగా నీళ్లు. శిలాఫలకం మీద 'మహాత్మాగాంధీ కల్వకుర్తి ఎత్తిపోతల పథకం' అని ఉంటుంది, పత్రికలు కేఎల్ఐ అని రాస్తాయి, జనం నోట్లో అది లిఫ్ట్. శ్రీశైలం జలాశయం వెనుక నీళ్లను కొల్లాపూర్ దగ్గర ఎల్లూరులో ఒకసారి, జొన్నలబొగుడలో రెండోసారి, గుడిపల్లిగట్టులో మూడోసారి పైకి తోస్తారు. అక్కడి నుంచి కాల్వల వెంట నాగర్‌కర్నూల్, కల్వకుర్తి వైపు పారిస్తారు. ఒక్కో లిఫ్ట్‌కు 5 పంపులు, ఒక్కో పంపు 30 మెగావాట్లు. రైతు భాషలో చెప్పాలంటే ఒక్క పంపు దాదాపు 40 వేల హార్స్‌పవర్, అంటే ఐదు హార్స్‌పవర్ మోటార్లు ఎనిమిది వేలు ఒక్కచోట నడిచినట్టు. కృష్ణ, తుంగభద్ర రెండూ ఈ నేలను ఒరుసుకునే పోతాయి. కానీ నది కింద, చేను మీద. అందుకే గద్వాల నుంచి కల్వకుర్తి దాకా ప్రాజెక్టు అంటే చాలాచోట్ల లిఫ్టే: నెట్టెంపాడు, భీమా, కోయిల్‌సాగర్. రాజోలిబండ కాల్వ నీళ్లు చాలక ఆఖరికి అలంపూర్‌కు కూడా తుమ్మిళ్ల లిఫ్ట్ వచ్చింది. 2020 అక్టోబరులో ఎల్లూరు పంప్‌హౌస్ నీట మునిగినప్పుడు ఈ ప్రాంతమంతా "లిఫ్ట్ మునిగింది" అని చెప్పుకుంది. లండన్‌లో ఎవరైనా ఆ వాక్యం వింటే బిత్తరపోతారు. ఇక్కడ ఎవరికీ వివరించాల్సిన పని పడలేదు.

ఈ మాట పుట్టింది ఆకాశంలో. పాత ఇంగ్లిష్‌లో 'లిఫ్ట్' అన్న నామవాచకానికి గాలి, ఆకాశం అని అర్థం. జర్మన్‌లో ఇప్పటికీ గాలి అంటే లుఫ్ట్. లుఫ్తాన్సా విమానాల పేరులో ఉన్నది అదే. స్కాట్లండ్ మాండలికంలో ఆకాశానికి లిఫ్ట్ అన్న పేరు ఇటీవలి దాకా బతికే ఉంది. ఉత్తరాది సముద్రాల నుంచి దాడులకు వచ్చి ఇంగ్లండ్‌లో స్థిరపడిన నార్స్ జనం భాషలో 'లోప్ట్' అంటే గాలి, ఆకాశం, మేడమీది గది. దాని నుంచి పుట్టిన క్రియ 'లిప్త', గాలిలోకి లేపడం. సుమారు 1200 ప్రాంతంలో ఆ క్రియ ఇంగ్లిష్‌లో కనబడుతుంది. కాలం గడిచాక ఇంగ్లండ్‌లో ఇంటి మాట అయిన ఆకాశం పోయి, బయటి నుంచి వచ్చిన లేపడం మిగిలింది. లోప్ట్ నుంచే లాఫ్ట్ కూడా వచ్చింది, మన ఫ్లాట్లలో పాత బిందెలు, పరుపులు పడేసే లాఫ్ట్. అంటే అపార్టుమెంటులో లిఫ్ట్, లాఫ్ట్ ఒక తల్లి పిల్లలు. ఒకటి బయట తిరుగుతుంది, ఇంకోటి ఇంట్లో దుమ్ము కొట్టుకుపోయి ఉంటుంది.

తరతరాలుగా మొగులు దిక్కు చూసి సేద్యం చేసిన పాలమూరు రైతు ఇప్పుడు లిఫ్ట్ దిక్కు చూస్తున్నాడని అంటుంటారు. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లండ్ రైతు చెవికి ఆ రెండు దిక్కులూ ఒకటే.

తర్వాతి అర్థాలన్నీ ఆ క్రియ వేసిన పిలకలు. పదహారో శతాబ్దంలో దొంగలు దాన్ని పట్టుకున్నారు. ఇంగ్లండ్, స్కాట్లండ్ సరిహద్దులో పశువులను తోలుకుపోవడం లిఫ్ట్ చేయడమే, దుకాణంలో సరుకు కాజేసేవాడు ఆ తర్వాతి వందేళ్లలో షాప్‌లిఫ్టర్ అయ్యాడు. దారిన పోయేవాణ్ని బండి ఎక్కించుకునే అర్థం 1712 నాటికే ఉంది. మనుషులను మోసే పెట్టెను 1857లో న్యూయార్క్‌లోని ఒక దుకాణంలో ఓటిస్ కంపెనీ బిగించింది. అమెరికా దాన్ని ఎలివేటర్ అంటుంది, ఇంగ్లండ్ లిఫ్ట్ అంటుంది. మనల్ని ఏలింది ఇంగ్లండ్ కాబట్టి మనకు లిఫ్ట్ వచ్చింది. డల్లాస్ వెళ్లిన మన పిల్లలు ఎలివేటర్ ఎక్కడం, ఫ్రెండుకు రైడ్ ఇవ్వడం నేర్చుకుంటారు, సెలవుల్లో ఇక్కడ దిగగానే మళ్లీ లిఫ్ట్ ఎక్కుతారు, లిఫ్ట్ ఇస్తారు. విమానాన్ని గాలిలో నిలబెట్టే బలం కూడా లిఫ్టే. ఇంగ్లండ్ రైతు ఆలుగడ్డలను భూమిలోంచి తవ్వి తీయడాన్ని కూడా లిఫ్ట్ చేయడమే అంటాడు. మన పల్లికాయ రైతుకు అది పీకుడు. ఆ పని ఎంత కష్టమో పీకుడు అన్న మాటే చెబుతుంది.

ఇన్ని పనులు చేసే మాట మన నోట్లో ఇంత సులువుగా ఎలా కూర్చుంది? ఎందుకంటే దానికి ముందే మన దగ్గర 'ఎత్తు' ఉంది. బిడ్డను ఎత్తుకుంటాం, చందా ఎత్తుతాం, చిట్టీ ఎత్తుతాం, అవతారం ఎత్తుతాం, అత్తగారిని పల్లెత్తు మాట అనం. చదరంగంలో ఎత్తుకు పైఎత్తు వేస్తాం. సమ్మక్కకు నిలువెత్తు బంగారం మొక్కి బెల్లం తూచి ఇస్తాం. దుకాణం నడవకపోతే ఎత్తేస్తాం, నిషేధం వద్దనుకుంటే అదీ ఎత్తేస్తాం. పని చేతకాకపోతే చేతులే ఎత్తేస్తాం. గొర్లను "ఎత్తుకపోయిండ్రు" అంటాడు అచ్చంపేట గొల్ల. స్కాట్లండ్ కాపరి కూడా అదే క్రియతో ఏడ్చాడు. ఇద్దరికీ పరిచయం లేదు. దొంగతనం ఎక్కడైనా బరువు లేపడంతోనే మొదలవుతుంది మరి. ఫోన్ లిఫ్ట్ చేయడమన్నది కూడా, నా అనుమానం, ఇంగ్లిష్ అలవాటు కన్నా తెలుగు అలవాటే ఎక్కువ. మనం ముందు ఫోన్ 'ఎత్తాం', తర్వాత ఆ ఎత్తడానికి ఇంగ్లిష్ చొక్కా తొడిగాం. రిసీవర్ పోయి ఇన్నేళ్లయినా, అద్దం మీద వేలు జరపడాన్ని ఇంకా ఎత్తడమే అంటున్నాం.

కలవని చోట కూడా ఉంది. గాయకుడు పాట ఎత్తుకుంటాడు, దాన్ని లిఫ్ట్ చేశాడని ఎవరూ అనరు. సంగీత దర్శకుడు ట్యూన్ లిఫ్ట్ చేశాడంటే మాత్రం కోర్టు దాకా పోవచ్చు.

ఇక్కడ కాసేపు ఆగాల్సిన మాట ఒకటుంది. 'ఎత్తిపోతల' అన్నది సర్కారు లిఫ్ట్‌కు పెట్టిన తెలుగు పేరు: నీళ్లను ఎత్తి పోసేది. మంచి పేరే, పుస్తకాల వాసన లేని పేరు. అయితే మన పల్లెల్లో ఆ రెండు మాటలూ అంతకుముందే కలిసి ఉన్నాయి. "బోరు ఎత్తిపోసింది" అంటే నీళ్లు బాగా పోసిందని కాదు, బోరు ఎండిపోయిందని. ఎండాకాలం చేను గట్టు మీద నిలబడితే కనబడుతుంది. కరెంటు రాగానే స్టార్టర్ కొడతారు. పైపు మూతి నుంచి మణికట్టంత ధార పడుతుంది. పావుగంట గడుస్తుంది, ధార బొటనవేలంత అవుతుంది. తర్వాత ఎర్రటి బురద నీళ్లు కక్కుతుంది, గుడగుడమంటుంది, చివరకు గాలి కొడుతుంది. రైతు పోయి మోటారు బంద్ చేసి ఎవరికో ఒక్క మాట చెబుతాడు: "ఎత్తిపోసింది." ఆ ఒక్క మాట వెనుక రెండెకరాల వరి, బోరు వేయించడానికి తెచ్చిన అప్పు, పట్నం బస్సు ఉంటాయి. అందుకని 'ఎత్తిపోతల పథకం' అన్న పేరు విన్నప్పుడు ఆఫీసరు చెవిలో పడేది వేరు, బోరు మీద బతికినవాడి చెవిలో పడేది వేరు. జనం ఆ తెలుగు పేరును పక్కనపెట్టి లిఫ్ట్ అన్న ఇంగ్లిష్ మాటను ఎందుకు ఎంచుకున్నారో దీన్నిబట్టి ఊహించవచ్చు. అచ్చ తెలుగు పేరులో వాళ్లకు చేదు అనుభవం ఉంది, పరాయి మాటలో లేదు. పైపు గాలి కొట్టినప్పుడు బయటికి వచ్చేది పాత ఇంగ్లిష్ వాడి లిఫ్టే అన్నది వేరే సంగతి.

లిఫ్ట్ రాకముందు నీళ్లను పైకి తెచ్చే పనికి మనకు ఎన్ని క్రియలు! బావిలో చేదుతారు, తోడుతారు. మోట కొడతారు, ఏతాం తొక్కుతారు, గూడ వేస్తారు. మోటకు బొక్కెన, తొండం, మోకు, గిరక, దేని పేరు దానికే. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వచ్చిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం వ్యవసాయ పదాలదే. మోట బావులు ఇంకా నడుస్తుండగానే ఆ మాటలను ఊరూరా తిరిగి ఏరిపెట్టింది కనుక అవి దక్కాయి. తర్వాత ఆయిల్ ఇంజన్లు, కరెంటు మోటార్లు వచ్చి ఆ క్రియలన్నిటినీ మింగేశాయి. దానికి ఏడవాలని నేను అనుకోను. మోట కొట్టినవాడి అరచేతులు చూసినవారెవరూ మోట పోయిందని ఏడవరు. కానీ మోట మాటలను ఏరినంత శ్రద్ధగా మోటారు మాటలను, లిఫ్ట్ మాటలను ఎవరు ఏరుతున్నారు?

లిఫ్ట్ తెచ్చే నీళ్ల వెనుక మరో ఎత్తడం కూడా ఉంది. శ్రీశైలం జలాశయం నిండడానికి 1981లో వంద దాకా ఊళ్లు ఖాళీ అయ్యాయి, అందులో కొల్లాపూర్, అలంపూర్ ప్రాంతాల ఊళ్లు ఎన్నో. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి తెచ్చి అలంపూర్‌లో నిలబెట్టారు. జటప్రోలు గుళ్లను కొత్త ఊళ్లో మళ్లీ కట్టారు. గుళ్లను ఎత్తి పెట్టారు, ఊళ్లను ఎత్తేశారు. ముంపు ఊళ్లవాళ్లకు ఆ రెండు క్రియల మధ్య తేడాను వ్యాకరణ పండితుడు చెప్పాల్సిన పని లేదు. పాలమూరు లేబర్ దేశమంతా తిరిగి కట్టిన ఆనకట్టల్లోనూ ఈ మాట ఉంది: కాంక్రీటు ఆనకట్టలో ఒక విడతకు పోసే పొరను ఇంజనీర్లు లిఫ్ట్ అంటారు. ఆ పొరల మీద చెమటోడ్చి వచ్చినవాళ్లు సొంత ఊరి లిఫ్ట్ కోసం ఏళ్ల తరబడి ఎదురుచూశారు.

కల్వకుర్తికి ఇంగ్లిష్ కొత్త కాదు. 1969 నుంచి 1984 దాకా ఇక్కడి శాసనసభ్యుడిగా ఉన్న ఎస్. జైపాల్ రెడ్డి తర్వాత పార్లమెంటులో తన ఇంగ్లిష్‌కే పేరుపడ్డారు. అది పుస్తకాల ఇంగ్లిష్. వడ్ల కుప్ప దగ్గరి ఇంగ్లిష్‌కు వ్యాకరణం తెలుగుది. దానిలో ఒక్క మాటతో మాత్రం నాకు పేచీ ఉంది, మొదట చెప్పిన లిఫ్టింగ్‌తో. "వడ్లు ఎత్తలేదు" అంటే ఎవరు ఎత్తలేదని నిలదీయవచ్చు. "లిఫ్టింగ్ కాలేదు" అన్నాక నిలదీయడానికి మనిషి దొరకడు. మిల్లరు లారీ అంటాడు, లారీవాడు హమాలీ అంటాడు, ఆఫీసు పైవాళ్లు అంటుంది. కర్త లేని ఇలాంటి వాక్యాలు సర్కారు భాషకు ఇష్టం. ఆ మాటను రైతు తిరిగి కాగితానికే ఇచ్చేస్తే మంచిది.

మిగతా లిఫ్ట్‌లు మనవే, వాటికి నిఘంటువులో చోటు కావాలి. సి.పి. బ్రౌన్ తెలుగు–ఇంగ్లిష్ నిఘంటువు అచ్చయ్యాక రెండేళ్లకు, 1854లో, తెలుగులో వాడే పరభాషా పదాలకు వేరే నిఘంటువు వేశాడు. కోర్టులో, కచేరీలో, సంతలో జనం అనే మాటలు అందులోకి వచ్చాయి. ఇప్పుడు మన బల్లల మీదుండే ఇంగ్లిష్–తెలుగు నిఘంటువులు లిఫ్ట్‌కు ఎత్తు, లేవనెత్తు, పై అంతస్తులకు చేర్చు యంత్రము అని రాసి ఊరుకుంటాయి. వాటి ప్రకారం కల్వకుర్తి రైతు పొద్దున లేచి యంత్రము కోసం ఎదురుచూస్తున్నాడన్నమాట. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు పనిలో ఉన్న జేమ్స్ మర్రే 1879లో చదువరులందరినీ వేడుకున్నాడు: మాట కనబడ్డ వాక్యాన్ని చీటీ మీద రాసి పంపండి అని. చీటీలు లక్షల్లో వచ్చాయి.

మేమూ అదే అడుగుతున్నాం. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల పాఠకులు మొదటి విడతగా నీళ్లు, వడ్లు, బస్సులు, మేస్త్రీ పనుల చుట్టూ తిరిగే ఇంగ్లిష్ మాటలను పోస్టుకార్డు మీద రాసి పంపండి. ఒక కార్డుకు ఒకే మాట. అర్థం మీరు చెప్పనక్కరలేదు, విన్న వాక్యం విన్నట్టు రాయండి. కింద ఊరి పేరు, అన్న మనిషి చేసే పని రాస్తే చాలు, మనిషి పేరు వద్దు. "అయితలేదు" అని వింటే అలాగే రాయండి, "అవడం లేదు" అని దిద్దకండి. వచ్చే సంచిక నుంచి వాటిని వరుసగా అచ్చువేస్తాం.