ఉమ్మీద్ అంటే చేతులు కట్టుకుని కూర్చోవడం కాదు

"ఓటేసి ఏం ఫాయిదా భాయ్?" ఈ సవాల్ ఇప్పుడు మన బస్తీల్లో, మన దస్తర్‌ఖాన్ల దగ్గర తరచుగా వినబడుతోంది. ఫోన్ తెరిస్తే గాజా శిథిలాలు, టీవీ పెడితే నఫ్రత్ నిండిన డిబేట్లు. చదువుకున్న పిల్లలు కూడా జమ్హూరియత్ మన కోసం కాదన్నట్టు మాట్లాడుతున్నారు. వాళ్ల దర్ద్ నిజమే. కానీ ఆ దర్ద్‌లో వాళ్లు చేసుకుంటున్న ఫైసలా గలత్. మన ఇలాఖా తారీఖ్ చూడండి.

జనగామ నుంచి సూర్యాపేట పోయే దారిలో కామారెడ్డిగూడెం ఉంది. అక్కడి రైతు షేక్ బందగీ. జమీన్ తగాదాలో విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డికి ఎదురు నిలిచాడు. కత్తి పట్టలేదు, అదాలత్ మెట్లెక్కాడు. కేసు నడిపి గెలిచాడు. 1940 జూలైలో దేశ్‌ముఖ్ మనుషులు ఆయన్ని చంపేశారు. హుకూమత్ ముస్లిం నిజాముది, జుల్మ్ చేసిన దొర హిందువు, ప్రాణం పోగొట్టుకున్న రైతు ముసల్మాన్. ఆయన్ని తమవాడిగా గుర్తుపెట్టుకున్నది మాత్రం అన్ని మజహబ్‌ల రైతులు. 1947లో వచ్చిన 'మా భూమి' నాటకానికి స్ఫూర్తి బందగీయే.

మహబూబాబాద్‌ను మనం ఇంకా మానుకోట అనే అంటాం. ఆ ప్రాంతంలో పుట్టినవాడే షోయబుల్లా ఖాన్. ఉర్దూ అఖ్బార్ 'ఇమ్రోజ్' ఎడిటర్. హైదరాబాద్ రియాసత్ హిందుస్తాన్‌లో కలవాలని, అవామ్‌కు జిమ్మేదార్‌గా ఉండే హుకూమత్ రావాలని నిజాం రాజధానిలోనే కూర్చుని రాశాడు. ధమ్కీలు వచ్చినా కలం ఆపలేదు. 1948 ఆగస్టు 21 రాత్రి ఆయన మీద దాడి జరిగింది. చేయి నరికేశారు. ప్రాణం నిలవలేదు. అప్పటికి వయసు 27. నెల తిరగకముందే, సెప్టెంబర్ 17న, నిజాం లొంగిపోయాడు. ఆ రోజు చూసే నసీబ్ ఆయనకు లేకపోయింది.

"ఇద్దరూ ఖతల్ అయ్యారు కదా, ఇందులో ఉమ్మీద్ ఎక్కడుంది?" అని అడగొచ్చు. వాజిబ్ సవాలే. నా జవాబు ఇది: వాళ్ల చేతిలో ఓటు లేదు, దస్తూర్ లేదు, దొరను గద్దె దించే తరీఖా లేదు. అయినా ఒకరు అదాలత్‌ను, ఒకరు అఖ్బార్‌ను వదల్లేదు. వాళ్లకు లేనివి మన చేతిలో ఉన్నాయి. వాటిని మనమే పారేసుకుంటే కసూర్ ఎవరిది?

జమ్హూరియత్ అంటే ఐదేళ్లకోసారి వేలికి సిరా ఒక్కటే కాదు. భూపాలపల్లి సింగరేణి కార్మికులనే చూడండి. తమ తరఫున మేనేజ్‌మెంట్‌తో మాట్లాడే యూనియన్ ఏదో వాళ్లు బ్యాలెట్ వేసి తేల్చుకుంటారు. 2017 తర్వాత ఆ ఎన్నికలు వాయిదా పడుతూ వచ్చాయి. మామ్లా హైకోర్టు దాకా పోయింది. చివరికి 2023 డిసెంబర్ 27న పోలింగ్ జరిగింది. హక్కు దానంతట అది నడిచి రాదు. మళ్లీ మళ్లీ అడిగేవాళ్లు ఉంటేనే వస్తుంది.

ఇదారాలు కమ్‌జోర్ అయ్యాయన్నది సచ్. మన పట్ల నా-ఇన్సాఫీ జరుగుతోందన్నదీ సచ్. అందుకే ఇంకా గట్టిగా పట్టుకోవాలి. ఓటర్ల జాబితాలో ఇంటిల్లిపాది పేర్లు ఉన్నాయో లేదో చూసుకోండి. అమ్మీ, నానీల పేర్లు మర్చిపోవద్దు. 18 నిండిన బిడ్డతో ఫారం 6 నింపించండి. బస్తీ నాలా పనికి వచ్చిన పైసలు ఏమయ్యాయో తెలియకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలన్నది కానూన్. గ్రామసభకు పోయి నోరు తెరవండి. మన మొహల్లా సమస్యే కాదు, పక్క వాడ దళితుడి పట్టా గురించీ మాట్లాడండి. రేపు మన కోసం ఆవాజ్ ఎత్తేది ఆ పక్క వాడే.

మాయూసీ గునాహ్ అని మన బుజుర్గ్‌లు ఊరికే అనలేదు. అది జాలిమ్‌కు కూర్చున్న చోటనే ఫతహ్ ఇచ్చేస్తుంది. మన పిల్లలకు మాయూసీని విరాసత్‌గా ఇవ్వొద్దు. బందగీ, షోయబుల్లా ఎవరో చెప్పండి. తర్వాత ఆ ఫారం వాళ్ల చేతికివ్వండి.