పంచాయతీ గుమ్మం వద్ద ఆగిన తీగ

దేశంలోని రెండున్నర లక్షల గ్రామ పంచాయతీలకు ఆప్టికల్ ఫైబర్ తీగ ద్వారా ఇంటర్నెట్ సౌకర్యం కల్పించాలని కేంద్ర మంత్రివర్గం 2011 అక్టోబరు 25న తీర్మానించింది. దాదాపు 20 వేల కోట్ల రూపాయల ఖర్చుతో, రెండు సంవత్సరాలలో పని ముగించగలమని ఆనాడు ప్రకటించారు. 2012లో అజ్మీరు జిల్లాలో ఒక బ్లాకు, త్రిపురలో పానీసాగర్, నాటి విశాఖపట్నం జిల్లాలోని పరవాడ, ఈ మూడు చోట్ల 59 పంచాయతీలలో ప్రయోగాత్మకంగా తీగ వేసి చూపించారు. 2015లో పథకానికి భారత్‌నెట్ అని పేరు మార్చారు. లక్ష పంచాయతీలతో మొదటి దశ ముగిసేసరికి 2017 డిసెంబరు వచ్చింది. రెండవ దశ గడువు పొడిగింపుల మీదనే నడిచింది. 2021లో పదహారు రాష్ట్రాల పనిని ప్రైవేటు భాగస్వాములకు అప్పగించదలచి, ప్రభుత్వం 19,041 కోట్ల రూపాయల సహాయం ఇవ్వజూపినా టెండరు వేయడానికి ఏ సంస్థా ముందుకు రాలేదు. ప్రైవేటు రంగ సామర్థ్యాన్ని గూర్చిన ఉపన్యాసాలు నిత్యం వింటున్న మనకు, ఖాళీగా మిగిలిన ఆ టెండరు పెట్టెను గూర్చి చెప్పేవారు మాత్రం కనబడరు. చివరకు 2023 ఆగస్టులో 1,39,579 కోట్ల రూపాయలతో పథకాన్ని సవరించి, దాని నిర్వహణ భారాన్ని బి.ఎస్.ఎన్.ఎల్. భుజాల మీదనే మోపారు.

2 లక్షల 14 వేలకు పైగా పంచాయతీలు ‘సర్వీస్ రెడీ’ అయినవని ప్రభుత్వ లెక్కలు చెబుతున్నవి. ఈ మాటను రైల్వే, తపాలా ఉద్యోగులు నిదానించి చదవాలి. సేవకు సిద్ధంగా ఉండడం వేరు, సేవ అందించడం వేరు. ఇంజను తగిలించిన బండి ప్లాట్‌ఫారం మీద నిలిచి ఉన్నంత మాత్రాన ప్రయాణికుడు ఊరు చేరడు. వేసిన పట్టాల పొడవు చూపించి మన గార్డుగాని, స్టేషన్ మాస్టరుగాని తప్పించుకోజాలరు. బండి వేళకు వచ్చినదా లేదా అన్నదే వారిని అడిగే ప్రశ్న. ఒక్క రిజిస్టరు ఉత్తరం బట్వాడా కాకపోతే పోస్టుమన్‌ను సంజాయిషీ అడుగుతారు. ఫైబర్ విషయంలో మాత్రం సభలలోను, ప్రకటనలలోను వినవచ్చేది కిలోమీటర్ల లెక్క. ఆ తీగలో నెలకు ఎన్ని రోజులు వెలుగు పారినదన్నది అరుదుగా తప్ప ప్రజల ముందుకు రాదు.

వెలుగు పారినా అది ఇళ్ళకు చేరుతున్నదా? 2024 నాటికి దేశంలో బ్రాడ్‌బ్యాండ్ చందాదారుల సంఖ్య సుమారు 94 కోట్లు కాగా, అందులో తీగ ద్వారా పొందుతున్నవారు సుమారు 4 కోట్లు మాత్రమే. మిగిలినవారందరూ మొబైల్ ఫోను మీద ఆధారపడినవారే. 2016 తర్వాత ప్రైవేటు కంపెనీల చౌక డేటా పల్లెలకు చేరినంత వేగంగా మన ప్రభుత్వ ఫైబర్ చేరలేదన్న నిజాన్ని దాచిపెట్టి మాట్లాడడం కార్మికోద్యమానికి తగదు. కానీ చేతిలోని ఫోను వేరు, ఇంటికి వచ్చే తీగ వేరు. సినిమా పాట వినడానికి ఫోను చాలును. ఇద్దరు పిల్లల చదువుకు, మిల్లు లెక్కలకు, విత్తనాల కొట్టు బిల్లులకు, ఆరోగ్య ఉపకేంద్రం నుండి పట్టణంలోని డాక్టరుతో మాట్లాడించడానికి అది చాలదు. టవరు మీద రద్దీ పెరిగిన సాయంత్రం వేళ పల్లెలో ఫోను ఎంత నెమ్మదిస్తుందో మన పాఠకులకు మేము చెప్పనక్కరలేదు. రెండు మెగాబిట్ల కన్న తక్కువ వేగాన్ని బ్రాడ్‌బ్యాండ్ అని పిలువరాదని 2023 జనవరిలో ప్రభుత్వమే నిర్వచనం మార్చింది. అంతకు ముందు అందులో నాలుగవ వంతు ఉంటే చాలునన్నారు.

గత ఏడాది మేము ఒక మండలంలో పర్యటించినప్పుడు చూచిన సంగతి ఇక్కడ చెప్పాలి. పంచాయతీ భవనంలోనే ఒక గది బ్రాంచి పోస్టాఫీసుకు ఇచ్చారు. మధ్యలో ఉన్నది ఒకే గోడ. గోడకు ఆవల పంచాయతీ గదిలో ఫైబర్ పెట్టె, దానికి బ్యాటరీ, పైకప్పు మీద సోలార్ పలక అన్నీ ఉన్నవి. పెట్టెలో దీపం లేదు. గోడకు ఈవల బ్రాంచి పోస్టుమాస్టరుగా పనిచేస్తున్న యువతి, చేతిలో యంత్రం పట్టుకొని, సిగ్నల్ కోసం మేడ మెట్లు ఎక్కుతూ దిగుతూ ఉన్నది. వేలిముద్ర వేసి డబ్బు తీసుకొనడానికి వచ్చిన వృద్ధురాలు అరుగు మీద కూర్చుని రెండు గంటలు దాటింది. “తీగ గోడ దాకా వచ్చింది సార్, గోడ దాటడానికే ఎవరూ రావడం లేదు” అని ఆ అమ్మాయి నవ్వుతూ అన్నది. ఆ సాయంత్రం ముసలామెను మరునాడు రమ్మని పంపవలసి వచ్చింది. ఊరివారి దృష్టిలో తప్పు తీగది కాదు, మంత్రివర్గానిది కాదు, పోస్టాఫీసుది.

ఇది ఒక్క ఊరి కథ అయితే సంపాదకీయం వ్రాయవలసిన పని లేదు. దేశంలో ఉన్న లక్షా 64 వేలకు పైగా పోస్టాఫీసులలో నూటికి తొంభై పల్లెలలోనే ఉన్నవి. 2017 డిసెంబరులో ప్రారంభమైన దర్పణ్ పథకం బ్రాంచి ఆఫీసులకు సిమ్ కార్డుతో నడిచే యంత్రాలను ఇచ్చింది. 2018 సెప్టెంబరు 1న పోస్టల్ పేమెంట్స్ బ్యాంకు వచ్చింది. 2025 ఆగస్టులో కొత్త సాఫ్ట్‌వేర్ దేశమంతటా అమలులోకి వచ్చింది. పొదుపు ఖాతా, బీమా ప్రీమియం, మనీయార్డరు, ఆధార్ చెల్లింపు, పార్శిలు, అన్నీ నెట్‌వర్క్ మీదకు ఎక్కినవి. నెట్‌వర్క్ మాత్రం పల్లెకు సరిగా దిగలేదు. ఈ భారాన్ని మోస్తున్న గ్రామీణ డాక్ సేవకులకు 2018 సవరణలో నిర్ణయించిన ప్రారంభ భత్యం, బ్రాంచి పోస్టుమాస్టరు అయితే నాలుగు గంటల పనికి 12,000 రూపాయలు. సిగ్నల్ కోసం కాచుకున్న గంటలు ఆ నాలుగింటిలోకి రావు.

తీగ ఎందుకు ఆగిపోతున్నది? సాంకేతిక కారణం ఒకటి ఉన్నది. బ్లాకు నుండి ఊరికి, ఆ ఊరి నుండి మరొక ఊరికి ఒకే వరుసగా తీగ లాగారు. సింగిల్ లైను మీద ఒక చోట బండి పట్టాలు తప్పితే ఆపైన అంతా నిలిచిపోయినట్లే, రోడ్డు వెడల్పు చేసేవారో, మంచినీటి పైపు వేసేవారో ఒక్క చోట తీగ తెంపితే ఆపైనున్న ఊళ్ళన్నీ చీకటి. సవరించిన పథకంలో దీనిని వలయంగా మారుస్తున్నారు. ఒక వైపు తెగినా రెండవ వైపు నుండి సంకేతం అందుతుంది. ఇది మంచి మార్పు. దీనిని మేము మనసారా ఆహ్వానిస్తున్నాము.

అయితే తెగిన తీగను తనంతట తాను అతుక్కొనేటట్లు చేసే వలయం ఇంకా పుట్టలేదు. దానికి మనిషి కావాలి. 2020 జనవరి 31న ఒక్క రోజున బి.ఎస్.ఎన్.ఎల్. నుండి 78 వేలకు పైగా ఉద్యోగులు స్వచ్ఛంద పదవీ విరమణ పేరుతో ఇంటికి వెళ్ళారు. సంస్థ సిబ్బందిలో సగం కన్న ఎక్కువ. ఏ వాగు ఒడ్డున కేబులు ఎంత లోతున ఉన్నదో, ఏ జాయింటు వానకు తడుస్తుందో కాగితం మీద కాక కాళ్ళతో ఎరిగిన లైన్‌మెన్, టెక్నీషియన్లు వారిలో ఉన్నారు. అదే సంస్థకు మూడు సంవత్సరాల తర్వాత దేశంలోకెల్లా పెద్ద గ్రామీణ తీగ వ్యవస్థను అప్పగించారు. కీమన్‌లను, ట్రాక్‌మెన్‌లను సగానికి తగ్గించి కొత్త రైళ్ళు ప్రవేశపెడితే ఏమగునో రైల్వే సోదరులకు బాగా తెలుసును.

ఆ లోటును పూడ్చడానికి ప్రభుత్వం ఎంచుకున్న మార్గం ‘ఉద్యమి’. పల్లెలో ఇంటింటికి తీగ ఇచ్చి, బాగు చేసి, చందా వసూలు చేసి, రాబడిలో వాటా తీసుకొనే స్థానిక యువకుడు. ఐదు సంవత్సరాలలో కోటిన్నర గ్రామీణ గృహాలకు కనెక్షన్లు ఇవ్వాలన్న లక్ష్యం అతని మీద ఆధారపడి ఉన్నది. ఆ యువకుల మీద మాకు ఏ వైరమూ లేదు. వారు మన బిడ్డలే. కానీ తపాలా ఉద్యోగులకు ఈ నమూనా కొత్తది కాదు. జీతం బదులు భత్యం, ఉద్యోగం బదులు ఏజెన్సీ, ఇదంతా ఎక్స్‌ట్రా డిపార్టుమెంటల్ పేరుతో దశాబ్దాలుగా మనవారు అనుభవించిందే. వారు ఏజెంట్లు కారు, సివిల్ పోస్టులలో ఉన్నవారని రాజమ్మ కేసులో సుప్రీంకోర్టు 1977లో తీర్పు చెప్పినా, వారిని పూర్తి ఉద్యోగులుగా గుర్తించడానికి తపాలా శాఖ నేటికీ సిద్ధపడలేదు. పది కనెక్షన్లు ఉన్న పేద పల్లెలో వాటా ఎంత వస్తుంది? రానినాడు అతడు పట్టణానికి పోతాడు. తీగ మళ్ళీ ఆగుతుంది.

డబ్బు లేదన్న వాదన చెల్లదు. 2002 ఏప్రిల్ నుండి టెలికం కంపెనీల సవరించిన స్థూల ఆదాయంలో నూటికి 5 వంతులు సార్వత్రిక సేవా నిధికి చేరుతున్నవి. నేడు దానికి డిజిటల్ భారత్ నిధి అని పేరు. కంపెనీలు చెల్లిస్తున్నా, అంతిమంగా అది రీచార్జి చేసుకొనే ప్రతి కూలీ జేబులోని డబ్బు. పల్లెకు సేవ అందించడానికే వసూలు చేసిన సొమ్ములో పల్లెలో ఒక స్థిరమైన ఉద్యోగికి జీతం ఇవ్వడం దుబారా ఎట్లా అవుతుంది?

మార్గాలు లేకపోలేదు. కేరళ ప్రభుత్వం 2023 జూన్ 5న ప్రారంభించిన కె-ఫోన్‌లో విద్యుత్ బోర్డు స్తంభాలను వాడుకొని, పేద కుటుంబాలకు ఉచిత కనెక్షన్ ఇవ్వడాన్ని లక్ష్యంగా పెట్టుకున్నారు. ఆ నిర్మాణంలో మన రైల్‌టెల్ కూడా పాలుపంచుకున్నది. ఆంధ్రప్రదేశ్‌లో 2017 డిసెంబరులో రాష్ట్రపతి ప్రారంభించిన ఫైబర్‌నెట్ కూడా స్తంభాల మీద పోయినదే. త్వరగా వేయవచ్చును, చౌక. గాలివానకు స్తంభంతో పాటు తీగా పడుతుంది. తెలంగాణ మంచినీటి పైపుల కందకాలలోనే ఫైబర్‌కు చోటు చూసింది. ఏ పద్ధతికి ఆ పద్ధతిలో కష్టాలున్నవి. వేసిన తర్వాత చూచేవారెవరన్న ప్రశ్న మాత్రం అన్నిటికీ ఒకటే.

రైల్వే మార్గాల వెంట రైల్‌టెల్ తీగ చిన్న స్టేషన్ల గుండా కూడా పోతున్నది. ఆరు వేలకు పైగా స్టేషన్లలో వైఫై ఉన్నది. సాయంత్రమైతే చుట్టుపక్కల ఊళ్ళ పిల్లలు పోటీ పరీక్షల పాఠాల కోసం ప్లాట్‌ఫారం బల్లల మీద చేరడం మన స్టేషన్ మాస్టర్లు ఎరిగినదే. ఆ పిల్లల ఊరు స్టేషన్‌కు కిలోమీటరు దూరం. ఆ కిలోమీటరు తీగ వేయడానికి రెండు శాఖల మధ్య ఎన్ని ఫైళ్ళు తిరగాలి?

మేము ఒక సంగతి ఒప్పుకోవాలి. టెలిఫోను కోసం ప్రజలు ఏళ్ళ తరబడి వేచియున్న కాలంలో ఆ ప్రజల పక్షాన మన సంఘాల గొంతు బలంగా వినబడలేదు. 1980లలో కంప్యూటరును చూచి మన పెద్దలు భయపడ్డారు. ఉద్యోగాలను గూర్చిన వారి భయం నిరాధారమైనది కాదు గాని, కౌంటరు బయట క్యూలో నిలబడినవాని కష్టం మన తీర్మానాలలో తగినంతగా కనబడలేదు. కాబట్టి ఈసారి మన కోరికను ఆ అరుగు మీద కూర్చున్న వృద్ధురాలి వైపు నుండి మొదలుపెడుతున్నాము. పంచాయతీకి తీగ చేరిన ప్రతి ఊరిలో మొదటి కనెక్షన్ బ్రాంచి పోస్టాఫీసుకు, పాఠశాలకు, ఆరోగ్య ఉపకేంద్రానికి ఇవ్వాలి. మండలానికి ఒక మరమ్మతు బృందాన్ని శాశ్వత ప్రాతిపదికన నియమించి, నేడు కాంట్రాక్టర్ల క్రింద తీగలు అతుకుతున్న కార్మికులనే అందులోకి తీసుకోవాలి. తీగ పనిచేసిన రోజుల లెక్కను ప్రతి నెల పంచాయతీ గోడ మీద అంటించాలి.

ఈ సంచికతో ఒక పట్టికను పంపుతున్నాము. ప్రతి తపాలా శాఖ తన పరిధిలోని బ్రాంచి ఆఫీసులలో నెట్‌వర్క్ పనిచేసిన గంటలు, ఆగిన గంటలు, పంచాయతీలో ఫైబర్ పెట్టె ఉన్నదా, వెలుగుతున్నదా అన్న వివరాలు మూడు నెలల పాటు రోజువారీగా నింపించాలి. రైల్వే శాఖలు తమ సెక్షన్లలో స్టేషన్‌కు రెండు కిలోమీటర్ల లోపు ఉన్న పంచాయతీల జాబితాను జతపరచాలి. లెక్కలలో అతిశయోక్తి వలదు. బాగా పనిచేస్తున్న చోట బాగా పనిచేస్తున్నదనే వ్రాయాలి. ఈ పట్టికలన్నీ సమాఖ్య కేంద్ర కార్యాలయానికి చేరిన తర్వాత వాటిని టెలికం శాఖ ముందు ఉంచి, చర్చకు సమయం కోరుతాము.