కరివేపాకు కోసం శనివారం దాకా

కూకట్‌పల్లి నుంచి హైటెక్ సిటీకి రోజూ స్కూటీ మీద ఉద్యోగానికి వెళ్లొచ్చిన అమ్మాయి, పెళ్లయ్యాక డల్లాస్ పక్కనున్న ఫ్రిస్కోలో దిగుతుంది. మొదటి వారం పెద్ద ఇల్లు, వెడల్పాటి రోడ్లు, హారన్ మోత లేని ఉదయాలు బాగానే ఉంటాయి. రెండో వారంలో పోపులోకి కరివేపాకు అయిపోతుంది. ఇండియన్ స్టోర్ నాలుగైదు మైళ్లు. నడిచి వెళ్లే దూరం కాదు, ఎక్కి వెళ్లడానికి బస్సు లేదు. సాయంత్రం ఇంటికొచ్చిన భర్త "వీకెండ్ వెళ్దాంలే" అంటాడు. ఆ మాటలో కోపం లేదు, పెత్తనమూ లేదు. అయినా ఇంజినీరింగ్ చదివి, నాలుగేళ్లు జీతం తెచ్చుకున్న మనిషి కరివేపాకు కోసం శనివారం దాకా ఆగడమేమిటన్న ప్రశ్న ఆ రాత్రే మొదలవుతుంది.

ఈ కథలో పేర్లు, ఊళ్లు మార్చుకుంటే చాలు, అమెరికా శివారు పట్టణాల్లో చాలా తెలుగు ఇళ్లకు సరిపోతుంది. విదేశానికి వెళ్లే మనిషి గురించి మన ఇళ్లలో జరిగే చర్చంతా వీసా చుట్టూ, జీతం చుట్టూ, చలికోట్ల చుట్టూ తిరుగుతుంది. అక్కడ గడప దాటి తనంతట తాను వెళ్లగలదా అన్నది ఎవరూ అడగరు. పెళ్లిచూపుల్లో వంట వచ్చా అని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అమెరికా సంబంధమైతే అడగాల్సిన మొదటి ప్రశ్న డ్రైవింగ్ వచ్చా అని. అబ్బాయిని అడగాల్సింది ఆమెకు నేర్పించడానికి ఎంత డబ్బు, ఎన్ని రోజులు పక్కన పెట్టుకున్నావని.

ఇక్కడ ఉన్నప్పుడు ఈ ప్రశ్న తట్టకపోవడానికి కారణం ఉంది. వీధి చివర ఆటో, మెయిన్ రోడ్డు మీద షేర్ ఆటో, ఏమీ దొరక్కపోతే ఆర్టీసీ బస్సు. తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద ఆడవాళ్లు ఆర్టీసీలో టికెట్ డబ్బులు కట్టకుండా తిరుగుతున్నారు. ఆధార్ కార్డు చూపించి ఎవరినీ అడగకుండా పుట్టింటికి వెళ్లి రాగలిగిన మనిషి, తలసరి ఆదాయంలో మనకంటే ఎన్నో రెట్లు పైనున్న దేశంలో మూలమీది దుకాణానికి వెళ్లలేకపోతోంది. అసలు అక్కడ మూలమీద దుకాణమే ఉండదు.

ఎందుకుండదు? 1926లో యూక్లిడ్ అనే ఒహాయో గ్రామానికీ యాంబ్లర్ రియాల్టీ అనే సంస్థకూ నడిచిన కేసులో అమెరికా సుప్రీంకోర్టు గ్రామం పక్షాన తీర్పిచ్చింది. ఇళ్లున్న చోట దుకాణాలు, పరిశ్రమలు రాకుండా ఊళ్లు జోన్లు గీసుకోవచ్చన్నది దాని సారం. ఆ తర్వాత దేశమంతా ఇళ్లు ఒక చోట, అంగళ్లు మరో చోట అన్న పద్ధతి పాతుకుపోయింది. 1956లో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ సంతకం చేసిన హైవే చట్టం 41 వేల మైళ్ల అంతర్రాష్ట్ర రహదారులకు దారి తీసింది. ఊరు ఇంకా విప్పారింది. మన కాలనీల్లో ఇంటి ముందు గదినే కిరాణా కొట్టుగా మార్చేస్తారు. అక్కడ ఆ పని చేస్తే జోనింగ్ నోటీసు వస్తుంది. అంటే ఆ అమ్మాయి ఎదుర్కొంటున్న ఒంటరితనం ఆమె స్వభావంలోదో, కాపురంలోదో కాదు. చాలా మటుకు అది ఊరి నక్షాలోనిది.

డల్లాస్ ప్రాంతమే చూడండి. అక్కడి ప్రజా రవాణా సంస్థ డార్ట్ రైళ్లు ప్లేనోకు 2002లో, అర్వింగ్‌కు 2012లో చేరాయి. తెలుగువాళ్లు పోటీపడి ఇళ్లు కొంటున్న ఫ్రిస్కో ఆ వ్యవస్థలో సభ్య నగరమే కాదు. పక్కనే దాదాపు నాలుగు లక్షల జనాభా ఉన్న ఆర్లింగ్టన్ మరీ విడ్డూరం. 2013లో మొదలుపెట్టిన ఒకే ఒక్క బస్సు రూటును 2017 చివర్లో ఎత్తేసి, ఫోన్‌లో పిలిస్తే వచ్చే వ్యాన్లతో సరిపెట్టుకుంది. 2026 ప్రపంచకప్ ఫుట్‌బాల్‌లో తొమ్మిది మ్యాచ్‌లు దక్కించుకున్న ఊరికి సొంత సిటీ బస్సు లేదు!

అదే అమెరికాలో జెర్సీ సిటీలో కాపురం పెట్టిన అమ్మాయి కథ వేరు. జర్నల్ స్క్వేర్ దగ్గర పాత్ రైలు దిగితే న్యూఆర్క్ అవెన్యూ మీద ఇండియన్ దుకాణాలు నడిచేంత దూరంలో వరసగా ఉంటాయి. ఆ రైలు 1908 నుంచి నడుస్తోంది, రాత్రింబవళ్లూ నడుస్తుంది, అటు మాన్‌హటన్‌కూ తీసుకెళ్తుంది. జర్మనీకి చదువుకు వెళ్లే మన పిల్లలైతే కారు ఊసే ఎత్తరు. 2023 మేలో 49 యూరోలతో మొదలైన నెలవారీ డాయిచ్‌లాండ్ టికెట్ ధర ఇప్పుడు పెరిగినా, దానితో దేశంలో ఏ ఊళ్లోనైనా సిటీ బస్సు, ట్రామ్, ప్రాంతీయ రైలు ఎక్కొచ్చు. వాళ్ల తిప్పలు భాషతోనే. కాబట్టి "విదేశమంటే అంతే, సర్దుకోవాలి" అన్న ఓదార్పులో పస లేదు. ఏ దేశం అన్నదానికంటే ఏ వీధి అన్నది ముఖ్యం. అద్దె రెండు వందల డాలర్లు తక్కువని బస్సు రాని చోట ఫ్లాట్ తీసుకునే భర్త, ఆ రెండు వందలూ ఎవరి దగ్గర వసూలవుతున్నాయో లెక్క చూసుకోవడం మంచిది.

ఊబర్ ఉందిగా అంటారు కొందరు. ఉంది. రానూపోనూ పాతిక ముప్పై డాలర్లు పెట్టి రెండు డాలర్ల కూరాకు తెచ్చుకోవడానికి సొంత సంపాదన లేని మనిషికి చేయి రాదు. యాప్‌లో ఉన్నది భర్త కార్డు. ఎక్కడికి వెళ్లిందీ ఎంతయిందీ ఆయన ఫోన్‌లో మోగుతుంది. ఆర్డరిస్తే సరుకులు గుమ్మంలోకే వస్తాయిగా అనేవాళ్లూ ఉన్నారు. నిజమే, కరివేపాకు లోపలికి వస్తుంది. మనిషి బయటికి వెళ్లదు.

సౌదీ అరేబియాలో ఆడవాళ్లు కారు నడపడానికి 2018 జూన్ 24 దాకా అనుమతి లేదు. ఆ వార్త చదివి మనవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. టెక్సస్‌లో ఏ చట్టమూ ఆడవాళ్లను ఆపదు. దూరం ఆపుతుంది, కాగితాలు ఆపుతాయి. హెచ్-1బి మీద పనిచేసేవారి జీవిత భాగస్వామికి వచ్చేది హెచ్-4. దాని మీద ఉద్యోగం చేసే వీలు 2015 మే 26 నుంచి మొదలైంది, అదీ అందరికీ కాదు. ప్రధానంగా భర్తకో భార్యకో గ్రీన్‌కార్డు దారిలో ఐ-140 ఆమోదమైన వారికి. కొత్తగా వెళ్లిన వాళ్లకు అది ఏళ్ల తర్వాతి మాట. పని అనుమతి లేకపోతే సోషల్ సెక్యూరిటీ నంబర్ రాదు. ఆ నంబర్ లేకపోతే కొన్ని రాష్ట్రాల్లో, మీకు నంబర్ ఇవ్వలేమని సోషల్ సెక్యూరిటీ ఆఫీసు నుంచే ఉత్తరం తెచ్చి లైసెన్స్ కౌంటర్‌లో చూపించాలి. లేదు అని చెప్పడానికీ ఒక కాగితం! మన తహసీల్దారు ఆఫీసులు గుర్తొస్తే అది చదివేవారి తప్పు కాదు.

అందుకే సూట్‌కేసు సర్దే ముందు చేయాల్సిన పనులు కొన్ని ఉన్నాయి. ఇక్కడ లైసెన్స్ ఉన్నవారికి ఆర్టీఓ కార్యాలయం ఫారం 4ఏ తీసుకుని అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ ఇస్తుంది, ఏడాది చెల్లుతుంది. కానీ దాన్ని పట్టుకుని ఏడాదంతా తిరగొచ్చనుకోవడం పొరపాటు. అది మన లైసెన్స్‌కు అనువాదం లాంటిది, పర్యటనకు వెళ్లినవారి కోసం. అక్కడ కాపురం పెట్టాక ఆ రాష్ట్రపు లైసెన్స్ తీసుకోవాల్సిందే. టెక్సస్‌లో అందుకు 90 రోజుల వెసులుబాటు ఉంది, కాలిఫోర్నియాలో పది రోజులే. స్కూటీ లైసెన్స్ ఒక్కటే ఉన్న అమ్మాయికి అమెరికా కారు నడపడానికి ఈ కాగితం ఎందుకూ పనికిరాదు. పెళ్లి పనుల్లో మూడు నెలలు పట్టు చీరల షాపులు తిరిగే కుటుంబం, అందులో నెల రోజులు పొద్దున పూట ఒక గంట డ్రైవింగ్ స్కూల్‌కు కేటాయిస్తే కనీసం స్టీరింగ్ అంటే భయం పోతుంది.

భయం అక్కడికి వెళ్లాక ఎలాగూ మళ్లీ వస్తుంది. మన కార్లలో చాలావాటికి ఇండికేటర్ మీట స్టీరింగ్‌కు కుడివైపు ఉంటుంది, అక్కడ ఎడమవైపు. అందుకని కొత్తలో మన వాళ్లు మలుపు తిరగబోయి ఎండలో వైపర్ వేస్తారు. రోడ్డుకు కుడిపక్క వెళ్లడం పది రోజుల్లో అలవాటైపోతుంది. ఎడమకు తిరిగాక ఏ లేన్‌లోకి చేరాలన్నది ఇంకా చాలా రోజులు తికమక పెడుతుంది. ఎర్ర లైటు ఉన్నా ఆగి, చూసుకుని కుడికి తిరగొచ్చు, న్యూయార్క్ నగరంలో మాత్రం కూడదు. ఇక నాలుగు వైపులా స్టాప్ బోర్డులున్న కూడలి. అక్కడ పోలీసు ఉండడు, సిగ్నల్ ఉండదు, ముందు వచ్చినవాడు ముందు వెళ్లాలన్న మర్యాద ఒక్కటే ఉంటుంది. పంజాగుట్టలో బండి నడిపినవారికి ఆ మర్యాదను నమ్మడానికే వారాలు పడుతుంది. పిల్లల కోసం ఆగిన పసుపు రంగు స్కూలు బస్సు స్టాప్ బోర్డు చాస్తే, మధ్యలో డివైడర్ లేని రోడ్డు మీద ఎదురుగా వచ్చే బండ్లు కూడా ఆగిపోవాలి. ఇవన్నీ పుస్తకంలో ఉన్నవే. టెక్సస్ రాత పరీక్షలో 30 ప్రశ్నలకు 21 సరైతే చాలు. ఎంసెట్ రాసినవారికి అదో లెక్క కాదు.

కష్టమంతా పక్క సీట్లో కూర్చునేది ఎవరన్న దగ్గరే. భర్త నేర్పడం మొదలుపెట్టిన చాలా ఇళ్లలో రెండో ఆదివారానికే పాఠాలు ఆగిపోతాయి. "బ్రేక్, బ్రేక్!" అన్న కేక వంటింటి దాకా వెంటొస్తుంది. డబ్బిచ్చి శిక్షకుణ్ని పెట్టుకుంటే, ఆయన పక్కన రెండో బ్రేకు ఉన్న కారులో కూర్చుని ఏమీ అనకుండా తొక్కుతాడు. గంటకు అయ్యే డాలర్లు చూసి వెనకాడేవాళ్లు, దాన్ని చదువు ఫీజు పద్దులో రాసుకోవాలి. కొత్త ఫోన్‌కు పెట్టే దానికంటే ఎక్కువేం కాదు.

లైసెన్స్ వచ్చినా దాని మీద గడువు తేదీ ఉంటుంది. ఆ తేదీ వీసా హోదా గడువుకు ముడిపడి ఉంటుంది. టెక్సస్ కార్డు మీదైతే "లిమిటెడ్ టర్మ్" అని అచ్చు వేసి మరీ ఇస్తారు. భర్త కంపెనీ పొడిగింపు దరఖాస్తు ఆలస్యంగా వేస్తే, హెచ్-4 కాగితం ఇంకా ఆలస్యంగా వస్తే, ఇంట్లో ముందుగా ఇబ్బంది పడేది ఆమే. రోజూ పిల్లను డేకేర్‌కు దించే తల్లి, తన తప్పేమీ లేకుండా ఒక ఉదయాన మళ్లీ రైడ్ కోసం పక్కింటివారిని అడగాల్సి వస్తుంది.

గల్ఫ్‌లో ఇదే కథ ఇంకా గట్టి గోడల మధ్య నడుస్తుంది. కోనసీమ నుంచి, కడప, రాయచోటి, రాజంపేట వైపు నుంచి కువైట్‌కు ఇంటి పనులకు వెళ్లే ఆడవాళ్లకు వారానికో సెలవు రోజు ఇవ్వాలని అక్కడి 2015 నాటి 68వ నంబరు చట్టం చెబుతోంది. పాస్‌పోర్టు యజమాని దాచుకోకూడదనీ చెబుతోంది. సెలవు దొరికినా బయటికి ఎలా వెళ్తారు? అక్కడ విదేశీయులు లైసెన్స్ అడగాలంటే మామూలుగా నెలకు 600 దినార్ల జీతం, డిగ్రీ, రెండేళ్ల నివాసం ఉండాలి. కొన్ని వృత్తులకు మినహాయింపులు ఉన్నాయి కానీ, గిన్నెలు తోమే చేతికి ఈ షరతులు అందేవి కావు. 2025 జూలై 1 నుంచి ప్రైవేటు రంగంలో పనిచేసే విదేశీయులు దేశం దాటాలంటే యజమాని ఆమోదంతో ఎగ్జిట్ పర్మిట్ కూడా తీసుకోవాలి. పెద్దాయన పోయాడని ఊరి నుంచి ఫోనొస్తే, విమానం టికెట్ కంటే ముందు ఆ ఆమోదం వెతుక్కోవాలి. ఫ్రిస్కో అమ్మాయి ఇబ్బందినీ కువైట్‌లో ఇంటి పనిచేసే ఆమె ఇబ్బందినీ ఒకే తక్కెడలో వేయడం న్యాయం కాదు. అయితే ఇద్దరి విషయంలోనూ ఇంటి దగ్గరివాళ్లు ఫోన్‌లో అడిగేది ఒకటే: బాగా తింటున్నావా?

ఆర్నెల్ల సందర్శక వీసా మీద వెళ్లే అమ్మానాన్నల సంగతీ ఇంతే. బాపట్లలో రోజూ సైకిల్ మీద మార్కెట్‌కు వెళ్లి వంకాయలు ఏరి తెచ్చుకునే మాస్టారు, కొడుకు ఇంట్లో కిటికీ పక్కన కూర్చుని గరాజ్ తలుపు ఎప్పుడు లేస్తుందా అని చూస్తుంటారు. నాలుగో నెలలో తిరుగు టికెట్ ముందుకు జరపమంటారు. మనవడి మీద ప్రేమ లేక కాదు. గుడికో, లైబ్రరీకో, పార్కుకో నడిచి వెళ్లే దూరంలో ఇల్లుంటే అదే మాస్టారు ఆర్నెల్లూ హాయిగా ఉంటారు. బల్ల మీద పక్కన కూర్చోవడానికి మరో ఊరి మాస్టారు ఎలాగూ దొరుకుతారు.

అమెరికాలోని తెలుగు సంఘాలు వేడుకలకు సినిమావాళ్లను రప్పించడంలో ఏ లోటూ రానివ్వవు. ఒక్క సభకయ్యే ఖర్చులో చిన్న భాగంతో రెండు బ్రేకుల కారు ఒకటి కొని, ఓపికగల ఒక అక్కను జీతమిచ్చి పెట్టుకుంటే, ఏడాది పొడవునా ఆ ఊరి కొత్త కోడళ్లకు పాఠాలు నడుస్తాయి. ఆదివారం పొద్దున ఆఫీసుల పార్కింగ్ స్థలాలన్నీ ఖాళీగానే ఉంటాయి.