కణితిపై నీటి చుక్క.. పది సెకన్లలో తీర్పు

ఊపిరితిత్తుల కణితి తీసే సర్జన్‌ను వేధించే ప్రశ్న ఒక్కటే. ఎక్కడిదాకా కోయాలి? కాస్త వదిలేస్తే క్యాన్సర్ తిరగబెడుతుంది. ఎక్కువ కోస్తే రోగికి ఊపిరి చాలదు. అందుకే చిన్న ముక్క తీసి ల్యాబ్‌కు పంపి, పాథాలజిస్టు మైక్రోస్కోప్‌లో చూసి చెప్పేదాకా ఆగుతారు. అరగంట దాకా పట్టొచ్చు. అంతసేపూ రోగి మత్తులోనే!

ఈ ఎదురుచూపు తగ్గించేందుకే ఆస్టిన్‌లోని టెక్సాస్ యూనివర్సిటీలో లివియా ఎబర్లిన్ బృందం 2017లో ‘మాస్‌స్పెక్ పెన్’ను పరిచయం చేసింది. పెన్ను ఆనించిన చోట నీటి చుక్క మూడు సెకన్లు నిలిచి, కణాల్లోని కొవ్వులను, ఇతర చిన్న అణువులను తనలోకి తీసుకుంటుంది. అక్కడి నుంచి గొట్టం గుండా మాస్ స్పెక్ట్రోమీటర్‌లోకి వెళ్తుంది. యంత్రం ఆ అణువులను ద్రవ్యరాశి-ఆవేశ నిష్పత్తిని బట్టి వేరుచేసి గ్రాఫ్ గీస్తుంది. మన కంటికి అదో ముళ్లకంప. ఏ గీతల కలయిక క్యాన్సర్‌దో పోల్చేది మెషీన్ లెర్నింగ్. అంతా కలిపి పది సెకన్ల పని. రొమ్ము, ఊపిరితిత్తులు, థైరాయిడ్, అండాశయాల నుంచి తీసిన 253 నమూనాలపై 96 శాతానికి పైగా కచ్చితత్వం వచ్చింది.

చాలామంది ఈ అంకె దగ్గరే ఆగిపోతారు. 2002లోనూ ఇలాగే జరిగింది. రక్తసీరంలోని ప్రొటీన్ల గీతలను కంప్యూటర్‌తో చదివించి అండాశయ క్యాన్సర్‌ను పట్టొచ్చంటూ ‘లాన్సెట్’లో వచ్చిన పత్రం సంచలనమైంది. తర్వాత కీత్ బ్యాగర్లీ తదితర గణాంక నిపుణులు ఆ డేటాను తవ్విచూశారు. కనిపించిన తేడాలు జబ్బువి కాక, నమూనాలను పరీక్షించిన తీరువల్ల వచ్చినవి కావొచ్చని తేల్చారు. అల్గారిథమ్ నేర్చుకున్నది ల్యాబ్ అలవాట్లను అన్నమాట.

మనకు ఇంకో చిక్కుంది. అది టీబీ. ఊపిరితిత్తుల క్యాన్సర్‌ను టీబీ అనుకుని నెలల తరబడి ఆ మందులే వాడించడం మన దేశంలో డాక్టర్లకు తెలిసిన సమస్యే. టీబీ మచ్చలను ఎన్నడూ చూడని మోడల్ ఇక్కడి ఆపరేషన్ థియేటర్‌లో ఏం చెబుతుంది? మన రోగుల నమూనాలతో మళ్లీ పరీక్షించాల్సిందే.

మరి ఆ పని ఎవరు చేయాలి? హైదరాబాద్ ఫార్మా ల్యాబుల్లో ఎల్‌సీ-ఎంఎస్ నడిపే కెమిస్ట్రీ, ఫార్మసీ పట్టభద్రులున్నారు. పైథాన్ వచ్చినవాళ్లకూ కొదవలేదు. కావాల్సింది ఆ రెండింటికీ మధ్య నిలబడేవాళ్లు. ఎమ్మెస్సీ, ఎంఫార్మసీ విద్యార్థులు ఇప్పుడే మొదలుపెట్టొచ్చు. మెటాబోలైట్స్, ప్రైడ్ డేటాబేస్‌ల్లో అసలైన స్పెక్ట్రోమెట్రీ డేటా ఉచితంగా దొరుకుతుంది. ఒకటి డౌన్‌లోడ్ చేసుకోండి. అయితే మోడల్ కట్టే ముందే డేటాను రోగులవారీగా విడగొట్టండి. ఒకే రోగి నమూనాలు అటు శిక్షణలో, ఇటు పరీక్షలో కలిశాయంటే, మీకూ 96 శాతం ఊరికే వచ్చేస్తుంది!