ప్రాణము నిలిచిన పిమ్మట

2004 ఏప్రిల్ 1వ తేదీన భారత ప్రభుత్వము హెచ్.ఐ.వి. రోగులకు ఉచితముగా ఔషధము లిచ్చుట కారంభించెను. నాడు ముప్పదియేండ్ల ప్రాయమున తొలి మాత్ర మ్రింగినవాడు నేడు ఏబది దాటినాడు. అతనిని బ్రదికించితిమని మనము సంతసించుట న్యాయమే. అయిన నత డెట్లు బ్రదుకుచున్నాడో విచారించువారు కలరా యని మా ప్రశ్న.

ఈ మందు మన చేతికి వచ్చిన చరిత్రము మరువదగినది కాదు. మూడు మందుల కూర్పు వ్యాధిని లోబరచునని 1996 నాటికే తేలినది. కాని పేటెంటుదారులు దానికి ఏడాదికి పదివేల డాలర్లకు పైగా వెల కట్టిరి. మందు లోకమున నుండియు ఆఫ్రికాలో లక్షలాది జనులు దానిని కంట జూడకయే మరణించిరి. 2001 ఫిబ్రవరిలో మన సిప్లా కంపెనీ అదే కూర్పును ఏడాదికి 350 డాలర్లకే ధర్మసంస్థ కిత్తుమని ప్రకటించి లోకమును విస్మయపరచెను. ఔషధముపై గాక, దానిని తయారుచేయు పద్ధతిపైననే హక్కునిచ్చిన 1970 నాటి మన పేటెంటు చట్టమే దీనికి మూలము. నేడు హైదరాబాదు కేంద్రముగాగల హెటెరో, అరబిందో కంపెనీల మాత్రలును ఆఫ్రికా ఖండమున ప్రాణములు నిలుపుచున్నవి. ఇది మన తెలుగునాట జరుగుచున్న పనియని మనలో నెందరెరుగుదురు?

ఫలితము స్వల్పము కాదు. ఉగాండా రోగులనుగూర్చి 2011లో వెలువడిన పరిశోధన, చికిత్స పొందువారు ఇంచుమించు సామాన్యజనులవలెనే జీవింపగలరని చూపినది. అయితే ఆలస్యముగా వచ్చినవారి ఆయువు తగ్గును. స్త్రీలకంటె పురుషులు తక్కువకాలము జీవించుచున్నారు. మగవాడు మంచమెక్కినగాని ఆసుపత్రి గడప తొక్కడు గదా!

చవుక మందుకు వేరొక మూల్యము చెల్లించితిమి. తొలినాళ్ల కూర్పులలో స్టావుడిన్ అను మందుండెడిది. అది ప్రాణము నిలిపెను. కాని ఏండ్లు గడచినకొలది బుగ్గలు పీల్చుకొనిపోయి, కాళ్లు చేతులు సన్నగిలి, పాదములు మంటలెత్తెను. దాచుకొన్న రోగమును ముఖమే వీధికి చాటెను. ధనిక దేశములు దానిని ముందే విడనాడినవి. ప్రపంచ ఆరోగ్య సంస్థ దానిని క్రమముగా మాన్పుడని 2009లో గాని చెప్పలేదు. పేదవానికి బ్రదుకే చాలును, బాధ లెక్కకు రాదను భావ మిందు దాగియున్నదని మా అభిప్రాయము.

నేటి మందులు మేలైనవి. ఒకే మాత్రతో దినము గడచును. కాని క్రిమి అణగియున్నను శరీరమున సన్నని తాప మారదు. గుండెజబ్బు ముందుగా వచ్చును. టెనోఫోవిర్ కొందరి మూత్రపిండములను, ఎముకలను బలహీనపరచును. క్షయ యెల్లప్పుడును పొంచియుండును. 12 దేశములలో 7,700కు పైగా రోగులపై జరిపి 2023లో ప్రకటించిన పరీక్షలో, కొలెస్టరాలు తగ్గించు పిటావాస్టాటిన్ మాత్ర గుండెపోటు, పక్షవాతము వంటి ప్రమాదములను 35 శాతము తగ్గించినది. మన దేశీయులును ఆ పరీక్షలో పాల్గొనిరి. దాని ఫలము వారి యూరి కేంద్రమునకు రావలదా?

రక్తపుపోటు, మధుమేహము పరీక్షింపుడని మన మార్గదర్శక గ్రంథములు చెప్పుచునే యున్నవి. చిక్కు కాగితమున లేదు. కూలివాడు ఒకనాటి కూలి వదలుకొని ఏ.ఆర్.టి. కేంద్రమునకు వచ్చును. రక్తపుపోటు మందుకై వేరొక వరుసకు, వేరొకనాడు పొమ్మన్నచో నతడు పోడు. అచ్చట తన రోగము చెప్పిన నేమందురో యను భయమును గలదు. 2017 చట్టము వివక్షను నిషేధించినది, నిజమే; చట్టమును చదివి యెవ్వరును ఓ.పి. చీటి వ్రాయరు.

ఇక ధనము మాట. 2025 జనవరిలో అమెరికా విదేశసహాయమును స్తంభింపజేయగా ఆఫ్రికాలో పెక్కు చికిత్సాలయములు తలక్రిందులైనవి. మన కార్యక్రమము అధికభాగము స్వదేశ ధనముతోనే నడచుట మన యదృష్టము. అయినను 2022 జూలైలో రోగులు మందుల కొరతయని మొరపెట్టుచు ఢిల్లీలో నాకో కార్యాలయమున నెలకుపైగా బైఠాయించిరి. దేశమున కొరత లేదని ప్రభుత్వమువారు సెలవిచ్చిరి. కొరత లేనిచోట రోగి యేల కూర్చుండును?

నెలమాత్ర లిచ్చు బల్లమీదనే రక్తపుపోటు యంత్రము నుంచి, ఆ మందులనుకూడ అదే సంచిలో వేసి యిచ్చుటకు జిల్లాకెంత వ్యయమగునో రాబోవు బడ్జెటులో మంత్రులు చెప్పవలెను.