'హ్యూమన్ ఎర్రర్' అని రాసేసి ఫైల్ మూసేద్దామా?

మన ఫీల్డులో ఉన్నవాళ్ళకి ఆర్‌సీఏ ఫారం గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. ప్రొడక్షన్‌లో ఏదో పేలుతుంది, రెండు రోజులు అందరూ కాల్‌లో ఒకళ్ళ మీద ఒకళ్ళు అరుచుకుంటారు, మూడో రోజు ఎక్సెల్ షీట్ వస్తుంది. 'రూట్ కాజ్' గడిలో 'హ్యూమన్ ఎర్రర్'. పక్క గడిలో 'ట్రైనింగ్ ఇచ్చాం'. క్లయింట్ హ్యాపీ, మేనేజర్ హ్యాపీ. నాకు మాత్రం ఆ రెండు ముక్కలు చూస్తే ఒళ్ళు మండిపోతుంది. ఎందుకో చెప్పాలంటే మన ఆఫీసు గోల కంటే ఒక హెలికాప్టర్ కథ బాగా పనికొస్తుంది. ప్రతి బోల్టుకీ కాగితం, సంతకం ఉండే లోకం కదా అది.

హెలికాప్టర్ ప్రమాదం అనగానే మనవాళ్ళకి 2009 సెప్టెంబర్ 2, నల్లమల అడవి గుర్తొస్తాయి. నేను చెప్పేది అది కాదు. 2011 డిసెంబర్ 7, అమెరికాలో లాస్ వెగాస్ దగ్గర జరిగింది. సన్‌డాన్స్ హెలికాప్టర్స్ అనే కంపెనీ టూరిస్టుల్ని ఆకాశంలో తిప్పి చూపించేది. ఆ సాయంత్రం వాళ్ళ ఏఎస్350 ఒకటి పైలట్‌తో, నలుగురు ప్రయాణికులతో బయల్దేరింది. మామూలుగా వెళ్తున్నదల్లా ఉన్నట్టుండి 600 అడుగులు పైకి లేచి, ఎడమకి తిరిగి, కొండల్లో కూలిపోయింది. ఐదుగురూ పోయారు.

ఇంతకీ ఊడింది ఏంటి? పైలట్ కంట్రోల్ కదిపితే ఆ కదలికని మెయిన్ రోటర్ సర్వోకి అందించే రాడ్డు ఒకటుంటుంది. దాన్ని పట్టి ఉంచేది ఒక బోల్టు. బోల్టు జారకుండా సెల్ఫ్ లాకింగ్ నట్టు. నట్టు వదులైనా ఊడిపోకుండా స్ప్లిట్ పిన్ను. ముందు రోజే, అంటే డిసెంబర్ 6న, ఆ సర్వో మార్చారు. ఆ రకం నట్టు వేళ్ళతో తిప్పితే తిరిగిపోతోందంటే దాని పట్టు పోయినట్టు, పారెయ్యాలి. పట్టు పోయిన పాత నట్టునే మళ్ళీ బిగించారనీ, స్ప్లిట్ పిన్ను సరిగా పెట్టలేదో, అసలు పెట్టనేలేదో అనీ అక్కడి ప్రమాదాల విచారణ బోర్డు ఎన్‌టీఎస్‌బీ 2013 జనవరిలో తేల్చింది. ఇన్‌స్పెక్టర్ వచ్చి చూశాడు, సరే అన్నాడు. మర్నాడు పొద్దున్న టెస్ట్ ఫ్లైట్ కూడా చేశారు, ఏ ఇబ్బందీ లేదు. టెస్ట్ కేసులన్నీ పాస్ అన్నమాట!

ఇక్కడితో ఆపితే మన ఆర్‌సీఏ షీటే. మెకానిక్ నిర్లక్ష్యం, ఇన్‌స్పెక్టర్ నిర్లక్ష్యం, ట్రైనింగ్ ఇచ్చాం, ఫైల్ క్లోజ్.

కానీ బోర్డువాళ్ళు అక్కడ ఆగలేదు. ఆ మెకానిక్‌కి ఆ రోజు సెలవు. ముందు రోజు పిలిచి తెల్లారకుండానే రమ్మన్నారు. మామూలుగా అతను మధ్యాహ్నం మొదలై రాత్రి దాకా సాగే షిఫ్టులో చేసేవాడు. రాత్రి షిఫ్టుకి అలవాటుపడ్డ ఒంటిని "ఇవాళ తొమ్మిదింటికే పడుకో" అంటే వింటుందా? మనకి తెలీదా, అమెరికా క్లయింట్‌కి సపోర్ట్ చేసేవాళ్ళకి? ఇన్‌స్పెక్టర్ కూడా అలాగే పొద్దున్నే వచ్చి రోజంతా పనిచేసి ఉన్నాడు. ఇద్దరి అలసటా ప్రమాదానికి కారణాల్లో ఒకటని బోర్డు రాసింది. ఇంకోటి కూడా రాసింది: ఏ స్టెప్ తర్వాత ఏది చెయ్యాలో, ఎక్కడ ఇన్‌స్పెక్టర్ ఆగి చూడాలో వర్క్ కార్డులో విడివిడిగా లేవని.

"అయితే మెకానిక్ తప్పేం లేదంటావా?" అంటారు కొందరు. ఉంది బాబూ, ఎందుకు లేదు? నేను అడిగేది వేరే. ఆ రోస్టర్ వేసినవాడి సంతకం ఏ కార్డు మీదా ఉండదేం? పైలట్ ఎన్ని గంటలు ఎగరచ్చో గట్టి రూల్సున్నాయి. ఆ పైలట్ ప్రాణం ఎవరి చేతిలో ఉందో ఆ మెకానిక్‌కి మాత్రం, అలాంటి టూర్ కంపెనీల్లో, రోజుకి ఇన్ని గంటలే అన్న పరిమితే లేదు అప్పటికి. అది పెట్టమనే బోర్డు సిఫార్సు చేసింది.

విమానాల మెయింటెనెన్స్‌లో 'డర్టీ డజన్' అని ఒక లిస్టుంది. కెనడా రవాణా శాఖలో ఉండగా గోర్డన్ డ్యూపాంట్ 1993లో తయారుచేశాడు. తప్పులు చేయించే పన్నెండు కారణాలు. అలసట, ఒత్తిడి, గట్టిగా 'కాదు' అనలేకపోవడం, అన్నీ ఉన్నాయందులో. మంచి లిస్టే. పోస్టర్లేసి హ్యాంగర్ గోడలకి అంటిస్తారు కూడా. రోస్టర్ వేసే గదిలో ఎందుకు అంటించరో నాకర్థం కాదు. పై నుంచి ఒత్తిడి పెట్టేవాళ్ళు ఒత్తిడి గురించి కిందవాళ్ళకి క్లాసు పీకడం మన ఆఫీసుల్లో వీకెండ్ డిప్లాయ్‌మెంట్ అయిన సోమవారం పెట్టే 'వర్క్ లైఫ్ బ్యాలెన్స్' సెషన్ లాంటిదే :) ఒత్తిడంటే ఎవరో మీద పడి అరవక్కర్లేదు. సెలవు రోజు ఫోనొస్తే "రాను సార్" అనగలిగేవాళ్ళు మీ టీమ్‌లో ఎంతమంది? లెక్కపెట్టండి.

ఇంత ఆవేశం ఎందుకంటే, నేనూ ఒకసారి ఆ ఇన్‌స్పెక్టర్ సీట్లో కూచున్నా. కంపెనీ పేరెందుకులెండి. మా టీమ్‌లో ఒక కుర్రాడు, జాయినై ఏడాది కూడా కాలేదు, పదహారు గంటల తర్వాత తెల్లవారుజామున మూడింటికి ఒక స్క్రిప్ట్ పంపి "అన్నా, ఒకసారి చూస్తావా" అన్నాడు. నేను నిద్ర కళ్ళతో స్క్రోల్ చేసి "ఓకే" కొట్టా. అందులో వేర్ కండిషన్ లేదు. టేబుల్ మొత్తం అప్‌డేట్ అయిపోయింది. ఆర్‌సీఏలో 'హ్యూమన్ ఎర్రర్' అని వాడి పేరొక్కటే రాశారు. మీటింగ్‌లో నేనున్నా. ఆ వారంలో వాడికది మూడో నైట్ అని నాకు తెలుసు. రివ్యూ చేసింది నేనేననీ తెలుసు. నోరు తెరవలేదు. వాణ్ణి ప్రాజెక్టు నుంచి తీసేశారు. నాకు ఆ ఏడాది మంచి రేటింగే వచ్చింది.

మాకు పోయింది నాలుగ్గంటల డేటా, బ్యాకప్ నుంచి తెచ్చేసుకున్నాం. లాస్ వెగాస్‌లో ఆ అవకాశం లేదు.

మొన్న శుక్రవారం మళ్ళీ ఒక ఫారం వచ్చింది, వేరే గొడవకి. రూట్ కాజ్ గడి ముందే నింపేసి పంపారు, నేను అప్రూవ్ నొక్కితే చాలట. నొక్కకుండా ఆ మనిషి ముందు వారం రోజుల టైమ్‌షీట్ అటాచ్ చేసి తిప్పి పంపా. మేనేజర్ దగ్గర్నుంచి ఇంకా రిప్లై లేదు.