ఎక్కడ ఆగాలో మన ఇష్టం!

విహారయాత్రకెళ్లినా మనకు పిల్లల టిఫిన్లు, సామాన్ల లెక్కలు, బస్సు వెళ్లిపోతుందన్న హడావుడి తప్పవు. ఐర్లాండ్ దీవి వాయవ్యాన సరస్సుల సీమలో మరో పద్ధతి ఉంది... సైకిల్! లీట్రిమ్, ఫెర్మానా కౌంటీల పల్లెదారుల్లో, ఎర్న్ సరస్సుల పరిసరాల్లో సాగే కింగ్‌ఫిషర్ సైకిల్ ట్రయల్ సుమారు 480 కిలోమీటర్లు. అంతా తొక్కాలనేం లేదు. రోజుకో ఊరు చాలు. వానొస్తే ఆగొచ్చు, సరస్సు నచ్చితే ఇంకాసేపు కూర్చోవచ్చు.

ఐర్లాండ్ రచయిత్రి డెర్వ్లా మర్ఫీ 1963లో సైకిల్ మీద ఒంటరిగా బయల్దేరి మన ఢిల్లీదాకా వచ్చారు. అంత సాహసం అందరికీ అక్కర్లేదు. కానీ ఎక్కడ ఆగాలో, ఎప్పుడు కదలాలో తనే నిర్ణయించుకునే నాలుగు రోజులు ప్రతి స్త్రీకీ కావాలి. అది విలాసం కాదండీ, విశ్రాంతి!